ఇంజను కందెన యజమాని చేతి పని

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన పెద్దలు నవ్వుచు చెప్పెడివారు. ఆ సంగీతము బండి ఊరి పొలిమేర చేరకమునుపే ఇంటిలోని వారికి వినబడెడిది. తోలువాడు సిగ్గుపడి, మరునాడు వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి ఇరుసునకు పూసెడివాడు. ఇరుసు ఎండిపోయినప్పుడు తానే కూతపెట్టి యజమానిని పిలిచెడిదన్నమాట. నేడు ఎడ్లబండి నిలిచిన చోట ట్రాక్టరు నిలిచియున్నది. కొందరి వాకిట డీజిలు జీపో, కారో కూడ ఉన్నది. వీని కందెన కంటికి కనబడదు, లోపల ఉండును. అది చెడినప్పుడు కూత లేదు. కూత వినబడునప్పటికి చెడవలసినదంతయు చెడియే యుండును.

ఎరువులను గూర్చియు, అప్పుల గడువులను గూర్చియు వ్రాయవలసిన ఈ పుటలలో ఇంజను ఆయిలును గూర్చి వ్రాయుట కొందరు సభ్యులకు వింతగా తోచవచ్చును. కాని ట్రాక్టరు అప్పు వాయిదా తప్పిన సభ్యులను కారణమడిగినప్పుడు, పంట పోయినదని చెప్పువారితోబాటు బండి పాడైనదని చెప్పువారును మాకు తటస్థించుచున్నారు. కావున ఇది అప్పుల సంగతియే.

గడచిన వానాకాలమున మన సభ్యులలో నొకరికి జరిగిన నష్టమును ముందుగా చెప్పెదము. పేరు వ్రాయము. అవి దమ్ము రోజులు. ఆయన ట్రాక్టరు తన మళ్లనేగాక ఇరుగుపొరుగు వారి మళ్లను కూడ గంట లెక్కన కిరాయికి దమ్ము చేయుచుండెను. రాత్రి యనక పగలనక బండి నడచుచున్నది; గంటల మీటరు వంక చూచిన వారు లేరు. ఆయిలు తగ్గినదని డ్రైవరు చెప్పగా, రోడ్డు ప్రక్క దుకాణములో డ్రమ్మునుండి కొలిచియిచ్చు లూజు ఆయిలు రెండు లీటర్లు తెప్పించి పోయించిరి. మూడవనాటి మధ్యాహ్నము మోకాటిలోతు బురదలో ఇంజను పట్టివేసినది. మరి రెండు ట్రాక్టర్లు వచ్చి లాగినగాని అది గట్టెక్కలేదు. విప్పిచూడగా క్రాంకు బేరింగులు కరగి షాఫ్టునకు అంటుకొనియున్నవి, లైనర్లు గీతలుపడియున్నవి. పనికై వరంగల్లు పంపిన ఇంజను ఇరువది దినములకుగాని తిరిగి రాలేదు. అంతలో నారు ముదిరినది. ఆ ముదురు నారే నాటవలసివచ్చెను. కిరాయి పోయెను; వాయిదా తప్పెను. లూజు ఆయిలు కొనుటవలన ఆయన మిగుల్చుకొన్నది ఒక మనిషి ఒక పూట కూలికి సరిపోదు.

తప్పు దుకాణదారునిదా, డ్రైవరుదా యని ఆయన ఇంకను తర్కించుచున్నాడు. మా అభిప్రాయము వేరు. కోడెను కొనునప్పుడు నోరు తెరచి పండ్లు లెక్కపెట్టువాడు, విత్తనము కొనునప్పుడు గింజను కొరికి చూచువాడు, లక్షలు పోసి కొన్న బండి బానెట్టెత్తి చూడకపోవుటయే తప్పు. డీజిలు బండి గల ప్రతి సభ్యుడును దాని ఆయిలును తానే ఎంచుకొనవలెను. తన చేతితో మార్చుట నేర్చుకొనవలెను. నేర్చిన పిదప ఇతరుని చేత మార్పించినను ప్రక్కన నిలుచుండి మార్పింపవలెను. ఇదియే మేము ఈ మాసము చెప్పదలచినది.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. పల్లెలకు విద్యుచ్ఛక్తి రాకముందు బావుల గట్లపై ఆయిలింజన్లు నడచినవి. పూనాలో కిర్లోస్కరు వారి ఆయిలింజన్ల కంపెనీ 1946 లో స్థాపితమైనది. అట్టి ఇంజన్లు క్రమక్రమముగా తెలుగు పల్లెలకును చేరినవి. హ్యాండిలు వేసి చక్రము త్రిప్పుట, ఆయిలు మార్చుట, నాజిలు తుడుచుట ఇవన్నియు ఇంటివారే చేసికొనెడివారు. మెకానిక్కు కొరకు పట్టణమునకు కబురంపుట చిట్టచివరి ఉపాయముగా నుండెడిది. ఆ తరమువారి వ్రేళ్లకు అంటిన మసి మన వ్రేళ్లకు అంటకపోవుటను నాగరికతగా భావింపరాదు.

డీజిలనునది ఒక మనుష్యుని పేరని మనలో కొందరికి తెలియకపోవచ్చును. రుడాల్ఫు డీజిలు 1858 లో పారిసు నగరమున జన్మించిన జర్మను ఇంజనీరు. 1897 లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున ఆయన ఇంజను జయప్రదముగా నడిచినది. 1900 లో పారిసున జరిగిన మహాప్రదర్శనములో ఈ జాతి ఇంజనొకటి పల్లినూనెతో నడిపి చూపబడినది. రైతుల పత్రికలో ఈ మాట వ్రాయకుండుట మాకు సాధ్యము కాలేదు. మన ఆముదమునకును ఇట్టి గౌరవమే కలదు: 1909 లో ఒక ఆంగ్ల కంపెనీవారు తమ క్రొత్త ఇంజను ఆయిలులో ఆముదము కలిపి, ఆముదమునకుగల క్యాస్టరు అను ఆంగ్లనామమును బట్టి దానికి క్యాస్ట్రాలు అని పేరుపెట్టిరి. మన ఇరుసు కందెనయే సీమకుపోయి డబ్బాలో తిరిగివచ్చినదని నవ్వుకొనవచ్చును. ఐనను నేటి బండ్లలో ఆముదమునుగాని పల్లినూనెనుగాని పోయుడని మేము చెప్పుటలేదు.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. గాలిని పదునారవ వంతునకో, అంతకన్నను తక్కువకో నొక్కగా, అది 500 డిగ్రీలకు మించి కాగును. ఆ వేడిలో చిమ్మిన డీజిలు తనంత తానే మండును. అందువలన లోపలి ఒత్తిడి హెచ్చు, మసి హెచ్చు. ఆ మసిలో కొంత రింగుల సందులనుండి జారి ఆయిలులో కలియును. డీజిలులోని గంధకము మండగా పుట్టు ఆమ్లము కూడ అందులోనే చేరును. ఇంజను ఆయిలు చేయు పని రాపిడి తగ్గించుట యొక్కటియే కాదు. మసిని గడ్డకట్టనీయక తనలో విడివిడిగా ఉంచుకొనవలెను, ఆమ్లమును విరుచుకొనవలెను, పిస్టను వేడిని మోసికొనిపోవలెను. ఇందుకై కలిపిన మందులు దినదినము ఖర్చగుచుండును. ఆ మందులు అయిపోయిన ఆయిలు చూచుటకు జిడ్డుగానే యుండును, వ్రేలికి జారుచునే యుండును, కాని ఇంజనును కాపాడు శక్తి దానికి లేదు.

ఈ విషయము తెలియకపోవుటవలన మన రచ్చబండలపై మూడు తప్పుమాటలు ప్రచారములో నున్నవి. మొదటిది, ఆయిలు నల్లబడినచో చెడినదను మాట. డీజిలు ఇంజనులో పోసిన ఆయిలు కొలది గంటలలోనే నల్లబడును. అది మసిని పట్టి యుంచుచున్నదనుటకు గుర్తు. ఎన్నినాళ్లకును నల్లబడని ఆయిలునే సందేహింపవలెను, ఏలయన మసి లోపలనే ఎక్కడనో పేరుకొనుచుండవచ్చును. మార్చవలసిన గడువును రంగు చెప్పదు, గంటలు చెప్పును. రెండవది, ఆయిలు ఎంత చిక్కనిదైన అంత మేలను మాట. పాతబడి పొగవిడుచు ఇంజనులో చిక్కని ఆయిలు పోసి కొంతకాలము పొగ కప్పిపుచ్చవచ్చును. కాని తెల్లవారుజామున స్టార్టు చేసిన క్షణములో ఆ చిక్కని ఆయిలు పైనున్న వాల్వులకు ఎక్కుటకు ఆలస్యమగును. ఆ ఆలస్యములోనే అరుగుదల జరుగును. మూడవది, ధర హెచ్చైనది మేలైనదను మాట. దీనికి సమాధానము డబ్బాపైనున్న అక్షరములలోనే కలదు.

డబ్బాపై రెండు గుర్తులు చూడవలెను. ఒకటి 15డబ్ల్యు-40 వంటి అంకె. ఇది చిక్కదనమునకు కొలత. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమువారు 1911 లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అందుకే అంకెకు ముందు ఎస్.ఏ.ఇ. అని యుండును. డబ్ల్యు అనునది ఆంగ్లమున చలికాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె ఎంత తక్కువైన, చలిలో ఆ ఆయిలు అంత సులభముగా పారును. వెనుకనున్న అంకె ఇంజను కాగినప్పటి చిక్కదనమును తెలుపును. ములుగు అడవులలో పుష్యమాసపు చలి మనకు చలియేగాని, మంచు కురియు దేశముల చలి కాదు. కావున సున్న డబ్ల్యు ఆయిలును ట్రాక్టరులో పోయుమని ఎవరైన చెప్పినచో మీ బండి పుస్తకమును తెరచి చూపుడు. మన ట్రాక్టర్లలో పెక్కింటికి 15డబ్ల్యు-40 గాని, పాతవానికి 20డబ్ల్యు-40 గాని వ్రాసియుండును. ఏది వ్రాసియున్నదో అదియే పోయవలెను.

రెండవ గుర్తు ఏ.పి.ఐ. అను అక్షరముల ప్రక్క నుండును. అక్కడ ఎస్ తో మొదలగునది పెట్రోలు ఇంజనుకు, సి తో మొదలగునది డీజిలు ఇంజనుకు అని మోటుగా గుర్తుంచుకొనవచ్చును. సి తరువాతి అక్షరము ముందుకు సాగినకొలది ఆయిలు క్రొత్త తరమునకు చెందినది: సి.ఎఫ్-4 కంటె సి.హెచ్-4, దానికంటె సి.ఐ-4 క్రొత్తది. చివరి 4 నాలుగు స్ట్రోకుల ఇంజనును తెలుపును. పుస్తకములో సి.ఎఫ్-4 అని యున్న ట్రాక్టరులో, చిక్కదనపు అంకె సరిపోయినచో, సి.ఐ-4 నిశ్చింతగా పోయవచ్చును. సి.ఐ-4 కావలసిన ఇంజనులో సి.ఎఫ్-4 పోయరాదు. ఇంటిలో మిగిలినదిగదా యని మోటారు సైకిలు ఆయిలును ట్రాక్టరులో పోయువారిని మేము చూచితిమి. అది వేరు పనికి చేసిన నూనె. ఇంజను ఆయిలు తెచ్చి గేరు పెట్టెలోను, హైడ్రాలిక్కులోను పోయుటయు అట్టిదే. నూనెలో మునిగియుండు బ్రేకులు గల ట్రాక్టర్లకు వానికని చేసిన ఆయిలే వాడవలెను.

డీజిలు కారు గల సభ్యులు ఇచ్చట కొంచెము జాగ్రత్తగా చదువవలెను. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున క్రొత్త కార్లకు భారత్ స్టేజి-6 నియమములు అమలులోనికి వచ్చినవి. డీజిలులో గంధకము పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు తగ్గింపబడినది. ఈ కార్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యొకటి అమర్చబడియుండును. జల్లెడలో పేరుకొన్న మసిని ఇంజను అప్పుడప్పుడు తానే కాల్చివేయును. కాని ఆయిలులోని మందులు కాలగా మిగులు బూడిద కాలదు. అది జల్లెడలో శాశ్వతముగా నిలిచి దానిని పూడ్చును. అందువలన ఈ కార్లకు బూడిద తక్కువగా వదలు ఆయిలు, సాధారణముగా 5డబ్ల్యు-30 వంటిది, సి2 లేక సి3 అను ఐరోపా గుర్తు గలది, పుస్తకములో వ్రాసియుండును. ఈ గుర్తులోని సి వేరు, ముందు చెప్పిన సి వేరు. ట్రాక్టరు కొరకు తెచ్చిన డబ్బాలోనుండి ఈ కారులో పోసినచో ఇంజను ఆ పూట నడచును. జల్లెడ కొన్నాళ్లకు పూడును. దాని వెల విని యజమాని కూలబడును.

ఈ కార్లలో మరియొక చిక్కు కలదు. జల్లెడలోని మసి కాలుటకు ఇంజను కొంత డీజిలును అధికముగా చిమ్మును. దూరపు ప్రయాణములో అది చక్కగా కాలిపోవును. ఇంటినుండి బజారుకు, బజారునుండి ఇంటికి మాత్రమే తిరుగు కారులో ఆ కాల్పు సగములో ఆగిపోయి, డీజిలు జారి ఆయిలులో కలియును. పుల్లపై ఆయిలు మట్టము తగ్గుటకు మారుగా పెరుగుచుండును. ఆయిలు పెరిగినదని సంతోషించిన వానిని మేమెరుగుదుము. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. అట్టి కారును నెలకొకటి రెండుమార్లైనను ములుగునుండి వరంగల్లు వరకు ఆగక నడిపించుట మేలు. మట్టము పై గీతను దాటినచో గడువు కొరకు చూడక ఆయిలు మార్చివేయవలెను. ట్రాక్టరులోనైనను మట్టము పెరిగినచో డీజిలో, నీరో దిగుచున్నదని తెలిసికొనుడు. మజ్జిగవలె తెల్లబడినచో అది నీరే. బండి నడుపక మెకానిక్కును పిలువవలెను.

గడువును గూర్చి. కార్లకు కిలోమీటర్లును మాసములును, ట్రాక్టర్లకు గంటలును లెక్క. ట్రాక్టర్లకు 250 గంటలని వ్రాసియున్న పుస్తకములు కలవు, అంతకు హెచ్చు వ్రాసినవియు కలవు. క్రొత్త బండికి మొదటి మార్పు చాల ముందుగా, తరచుగా 50 గంటలకే యుండును. ఆ అంకెలు సామాన్యమైన పనికి వ్రాసినవి. మన పని సామాన్యము కాదు. దమ్ములో ఇంజను బరువుతో గంటల తరబడి నడచును. రెండేండ్లకొకమారు మాఘమాసమున తాడ్వాయి మండలములోని మేడారములో సమ్మక్క సారలమ్మ జాతర జరుగునప్పుడు, కిరాయికి తిరుగు మన జీపులును ట్రాక్టర్లును వారముల తరబడి దుమ్ములో మునిగి తిరుగును. దుమ్ము గాలి ఫిల్టరును దాటినచో సిలిండరులో ఇసుక కాగితమువలె పనిచేయును. నూనె తొట్టి గల పాత గాలి ఫిల్టరైనచో ఆ రోజులలో ప్రతిదినము తొట్టి విప్పి, అడుగున చేరిన బురద పారబోసి, గీతవరకు శుభ్రమైన ఆయిలు పోయవలెను. జాతర ముగిసిన పిదప గడువు మిగిలియున్నను ఇంజను ఆయిలు మార్చుట ఉచితమని మా అభిప్రాయము.

ఇక పని చేయు విధము. బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల రాళ్లుగాని దిమ్మెలుగాని పెట్టవలెను. జాకీ మీద నిలిపిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. జాకీ జారి ప్రాణములు పోవును. కారును ఎత్తవలసినచో గట్టి స్టాండ్లు పెట్టి, వానిపై బరువు నిలిచిన పిదపనే క్రిందికి పోవలెను. లేనిచో ఆ పని మానుకొనవలెను. ట్రాక్టరు ఎత్తుగానుండును గనుక ఈ బాధ లేదు. ఇంజనును కొలది నిమిషములు నడిపి ఆపవలెను. వెచ్చబడిన ఆయిలు మురికిని వెంటబెట్టుకొని దిగును. మిక్కిలి కాగినచో చేయి కాలును, తొందర వలదు.

ఆయిల్ చాంబరు అడుగున నుండు డ్రెయిను బోల్టు క్రింద వెడల్పైన తొట్టి పెట్టి, సరియైన పానాతో విప్పవలెను. కటింగు ప్లేయరుతో విప్పి బోల్టు తల గుండ్రముచేయువారు తరువాత వెల్డింగు షాపుకు పోవుదురు. ధార ఆగి చుక్కలు పడువరకు ఆగుడు. ఆ ఆయిలును వ్రేళ్లతో నలిపి చూడుడు. సన్నని మెరుపు పొడి కనబడినచో లోపల లోహము అరుగుచున్నదని అర్థము. ఇట్టి పరీక్ష షెడ్డులో మీ పరోక్షమున మార్చిన ఆయిలుకు ఎవరును చేయరు. బోల్టును, దాని వాచరును తుడిచి, వాచరు నలిగియున్నచో మార్చి, గట్టిగా బిగింపవలెను. కాని పానాకు గొట్టము తొడిగి వేలాడరాదు.

ఆయిలు మార్చినప్పుడెల్ల ఫిల్టరు మార్చవలెను. పాత ఫిల్టరులో నిలిచిన మురికి ఆయిలు క్రొత్తదానితో కలిసి దానిని మొదటిరోజునే పాడుచేయును. క్రొత్త ఫిల్టరు రబ్బరు చుట్టుకు కొంచెము ఆయిలు రాచి, చేతితో త్రిప్పి, రబ్బరు తగిలిన పిదప ఇంచుమించు ముప్పాతిక చుట్టు చేతిబలముతోనే బిగింపవలెను. మేము మొదటిసారి ఈ పని చేసిననాడు పాత రబ్బరు చుట్టు ఊడక ఇంజనుకే అంటియుండగా గమనింపక, దానిపైననే క్రొత్త ఫిల్టరు బిగించితిమి. స్టార్టు చేసిన మరుక్షణమున క్రొత్త ఆయిలు వాకిలంతయు చిమ్మినది. ఆ మరక నేటికిని మా వాకిటి బండలపై నున్నది. కావున పాత రబ్బరు ఊడివచ్చినదా యని వ్రేలు పెట్టి చూడుడు.

ఆయిలు పోయునప్పుడు పుస్తకములో చెప్పిన కొలతకన్న ఒక అరలీటరు తక్కువ పోసి, కొన్ని నిమిషములు నిలిచిన పిదప డిప్‌స్టిక్కు తీసి తుడిచి మరల ముంచి చూడవలెను. రెండు గీతల నడుమ పై గీతకు దగ్గరగా నుండవలెను. పై గీత దాటరాదు. హెచ్చైన ఆయిలును క్రాంకు చిలికి నురుగు చేయును, నురుగుకు కందెన గుణము లేదు. తరువాత ఇంజను స్టార్టుచేసి, ఎర్రని ఆయిలు దీపము ఆరినదా లేక గేజి ముల్లు లేచినదా చూచి, ఆక్సిలరేటరు త్రొక్కక ఒకటి రెండు నిమిషములు నడపి, కారుట లేదని వంగి చూచి, ఆపి, మట్టము మరల చూడవలెను. తేదీయు, మీటరు అంకెయు, ఆయిలు పేరును ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. టర్బో గల బండ్లవారు బరువుపనినుండి వచ్చిన వెంటనే తాళము తీయక, ఒక నిమిషము ఇంజనును నెమ్మదిగా తిరుగనీయవలెను.

ఇంతవరకు చేసికొనుడు. దీనికి మించి పోవలదని కూడ చెప్పుట మా విధి. నేటి కార్లలో డీజిలును మోయు పైపులలోని ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేయి రెట్లకు మించియుండును. ఇంజను నడచుచుండగా ఆ పైపును సడలించినచో సన్నని ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. పంపు, ఇంజక్టర్లు, టైమింగు తెలిసినవాని పనియే. వారంటీ గడువులో నున్న బండిని కంపెనీవారు నియమించిన సర్వీసు స్థలముననే చేయించి, రసీదులు భద్రపరచవలెను. ఏటూరునాగారము, మంగపేట, వాజేడు, వెంకటాపురము వైపు సభ్యులకు వరంగల్లు పోవుట యనగా ఒక దినము వ్యర్థమగుటయే. ఐనను ఆ గడువు ముగియువరకు తప్పదు.

మంచి మెకానిక్కులను మేము నిందించుటలేదు. మన మండలములలో ఇంజను చప్పుడు విని రోగము చెప్పగలవారు కలరు. వారికిని తెలిసిన యజమాని యన్న గౌరవమే. "నేను తెచ్చిన ఆయిలు పోయుము, డబ్బా నా ముందర తెరువుము" అన్నచో నిజమైన పనివాడు కోపగింపడు.

ఇంక మిగిలినది సంఘము చేయవలసిన పని. బజారులో నకిలీ ఆయిలు కలదు. పేరుపొందిన కంపెనీల ఖాళీ డబ్బాలను కొని, వాడిన ఆయిలును వడగట్టి నింపి, మూత బిగించి అమ్ముట తెలిసిన మోసమే. అందుచేత ఖాళీ డబ్బాను పాత సామానుల వానికి ఇచ్చునప్పుడు కత్తితో రెండు గాట్లు పెట్టి ఇయ్యవలెను. సీలు, బ్యాచి నంబరు చూచి, రసీదు తీసికొని కొనవలెను. కాని ఒక్కొక్క రైతు ఒక్కొక్క డబ్బా కొనునప్పుడు అతనికి బలమేమి? 1956 లో ఏ.కె. విశ్వనాథరెడ్డి గారి పూనికతో ములుకనూరులో స్థాపితమైన సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము అప్పును, ఎరువును, విత్తనమును, పంట అమ్మకమును ఒక్క కప్పు క్రిందికి తెచ్చి చూపినది. అది మనకు దూరపు ఊరు కాదు. ఎరువు విషయమున చేయగలిగినది ఆయిలు విషయమున ఏల చేయరాదు? సభ్యుల బండ్ల పట్టిక వ్రాసి, వాని పుస్తకములలో నున్న ఆయిలు రకములను లెక్కించినచో, రెండు మూడు రకములతో పెక్కుమందికి సరిపోవునని మా అంచనా. కంపెనీ డిపోనుండి నేరుగా తెప్పించి, మన గోదాములో ఎరువుల బస్తాలకు ఎడముగా ఉంచి, రసీదుపై అమ్మవచ్చును. దీనికి పెట్టుబడి చాలదనువారు మనలో కలరు. దమ్ము రోజులకు ఒక నెల ముందు సభ్యులనుండి బయానా తీసికొన్నచో ఆ చిక్కు తీరును.

వాడిన ఆయిలు సంగతియు దీనితో ముడిపడియున్నది. దానిని కాలువ గట్టున పారబోయుట, దోమల గుంటలో పోయుట, చెదలకని గుంజలకు పూయుట, పుండుపడిన పశువునకు రాయుట మనలో అలవాటైనది. ఆ నల్లని ఆయిలులో పుట్టకురుపు కలిగించు పదార్థములును, అరిగిన లోహములును కలవు. రామప్ప, లక్నవరము చెరువుల నీటితో వరి పండించు మనము ట్రాక్టరుకు ఆరు మొదలు ఎనిమిది లీటర్ల చొప్పున ప్రతి యేడును ఎక్కడో ఒకచోట విడుచుచున్నాము. 2016 నాటి నియమములు దీనిని ప్రమాదకర వ్యర్థముగా ఎంచినవి. 2024 ఏప్రిలు 1 నుండి నూనె తయారించు కంపెనీలపైననే వాడిన దానిని శుద్ధి చేయించు బాధ్యతయు మోపబడినది. గోదాము వెనుక మూత గల డ్రమ్ము ఒకటి పెట్టి, క్రొత్త డబ్బా కొనువాడు పాత ఆయిలును తెచ్చి పోయునట్లు చేసినచో, అది నిండినప్పుడు అనుమతి గల శుద్ధి కర్మాగారము వారికి ఇచ్చివేయవచ్చును. నకిలీవారికి ముడిసరకు కూడ ఆ మేరకు తగ్గును.

రానున్న మహాజన సభలో ఈ రెండు తీర్మానములను మేము ప్రతిపాదింపబోవుచున్నాము. సభ్యులు వచ్చునప్పుడు తమ బండి పుస్తకమునందలి ఆయిలు పుటను చూచి, దానిపైనున్న అంకెను, అక్షరములను ఒక చీటిపై వ్రాసి తేవలెను. పుస్తకము పోగొట్టుకొన్నవారు బండి పేరు, మోడలు, కొన్న సంవత్సరము వ్రాసి తెచ్చినను చాలును. ఆ దినము సభ ముగిసిన పిదప గోదాము ముందర ఒక ట్రాక్టరును నిలిపి, దాని ఆయిలును, ఫిల్టరును మార్చి చూపెదము. పాత గుడ్డలు వెంట తెచ్చుకొనుడు.